మినీ ట్రాక్టర్ ముందు ఇరుసుకు ఏ గేర్ ఆయిల్ పోయాలి?

ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ల ముందు ఇరుసు గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల ముందు ఇరుసులో గేర్లు ఉండవు. వాటికి హబ్బుల్లోనూ కింగ్ పిన్నుల్లోనూ గ్రీజు చూసుకుంటే సరిపోతుంది కాబట్టి ఈ జవాబులు వాటికి వర్తించవు.

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. టమాటా సాళ్లలో, మామిడి తోటలో అంతరకృషి కోసం 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానితో పాటు రావలసిన పుస్తకం రాలేదు. ముందు ఇరుసు ఆయిల్ మార్చుదామంటే ఆయిల్ దుకాణంలో 140 పోయమన్నారు, మెకానిక్ 90 చాలన్నాడు, షోరూంలో అడిగితే వెనక పోసే ఆయిలే ముందు కూడా పోయవచ్చన్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మెకానిక్ చెప్పింది చాలా మినీ ట్రాక్టర్లకు సరిపోతుంది. షోరూం వారు చెప్పింది కొన్ని మోడళ్లకే వర్తిస్తుంది. దుకాణంలో చెప్పిన 140ని మాత్రం మీ మోడల్ పుస్తకంలో కళ్లారా చూడనిదే పోయకండి.

ఈ తరహా ట్రాక్టర్ల ముందు ఇరుసు నడుమ క్రౌను, పినియన్ అనే గేర్లతో కూడిన డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె ఉంటుంది. అక్కడి నుంచి రెండు షాఫ్టులు గొట్టాల గుండా రెండు చివరలకు వెళతాయి. చాలా మినీ ట్రాక్టర్లలో ఆ చివర బెవెల్ గేర్లు షాఫ్టు తిరుగుడును నిలువు షాఫ్టు మీదుగా కిందికి దించి, అక్కడ మరో జత బెవెల్ గేర్ల ద్వారా చక్రానికి అందిస్తాయి. చక్రం ఆ నిలువు షాఫ్టు చుట్టూనే పక్కకు తిరుగుతుంది కాబట్టి స్టీరింగ్ కోసం వేరే జాయింట్ అక్కర లేదు, ఇరుసు కూడా నేల నుంచి కొంత ఎత్తులో ఉంటుంది. చిన్న పెట్టెల్లో ఇమిడిన ఈ గేర్ల పళ్ల మీద ఒత్తిడి ఎక్కువ. వాటికి ఆయిల్‌ను పంపు ఏదీ అందించదు. కింద మునిగి తిరిగే పళ్లు పైకి చిమ్మిన ఆయిలే పై బేరింగులకు దిక్కు. అందుకే ఇక్కడ ఆయిల్ పళ్ల మధ్య పొరగా నిలిచేంత చిక్కగానూ ఉండాలి, ఇరుకు గొట్టాల్లోంచి పారి పై బేరింగు దాకా చేరేంత పలుచగానూ ఉండాలి.

ఇక అంకెల సంగతి. 90, 140 అనేవి చిక్కదనాన్ని తెలిపే ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) నంబర్లు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 నంబరు ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్సుల మధ్య ఉండాలి, 140 నంబరుది 24 నుంచి 32.5 మధ్య ఉండాలి. ఇంజన్ ఆయిల్ నంబర్లకూ వీటికీ కొలమానం వేరు. పేరుకు 90 అయినా ఆ గేర్ ఆయిల్ ఇంచుమించు 40, 50 నంబర్ల ఇంజన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది కాబట్టి ఆ అంకె చూసి ఏదో తారు లాంటి పదార్థమని భయపడనక్కర లేదు. డబ్బా మీద 80డబ్ల్యూ-90 అని ఉంటే, అందులోని మొదటి భాగం చలిలో ఆయిల్ ఎంతవరకు కదలగలదో చెబుతుంది. 80డబ్ల్యూకు పెట్టే పరీక్ష సున్నాకు దిగువన 26 డిగ్రీల దగ్గర జరుగుతుంది. లంబసింగిలో కూడా అంత చలి ఉండదు కదా! మన ప్రాంతంలో ఒట్టి 90 పోసినా 80డబ్ల్యూ-90 పోసినా పొలంలో తేడా తెలియదు, ఏది నమ్మకంగా దొరికితే అది పోసుకోవచ్చు.

140 విషయంలో తేడా తెలుస్తుంది. శీతాకాలపు ఉదయం ట్రాక్టర్‌ను కదిపినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ గొట్టాల్లో నెమ్మదిగా పారుతుంది, పై బేరింగుకు ఆలస్యంగా అందుతుంది. గేర్లు దాన్ని చిలకడానికి ఖర్చయ్యే శక్తి వేడిగా మారుతుంది. అయినా దుకాణాల్లో 140ని ఎందుకు సిఫారసు చేస్తారంటే, అరిగిన గేర్ల చప్పుడును అది కొంత అణుస్తుంది, పాడైన సీలు నుంచి కారడాన్ని కొన్నాళ్లు తగ్గిస్తుంది. అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది, ఆ సంగతి మీ చెవికి చేరదు, అంతే. కొందరు తయారీదారులు ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతాలకు 140ని అనుమతిస్తారు. అది వారి గేర్లకు, వారి బేరింగులకు లెక్క చూసి ఇచ్చిన అనుమతి, అందరికీ కాదు.

షోరూం వారు చెప్పిన వెనక ఆయిల్ అంటే ట్రాన్స్‌మిషన్‌కు, హైడ్రాలిక్ లిఫ్టుకు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులకు ఉమ్మడిగా పోసే యూటీటీఓ రకం. ఇది 90 గేర్ ఆయిల్ కన్నా పలుచగా ఉంటుంది. కుబోటా బి శ్రేణి వంటి కాంపాక్ట్ ట్రాక్టర్ల పుస్తకాల్లో ముందు ఇరుసుకు ఆ కంపెనీ సొంత ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అయిన యూడీటీని గానీ, 80-90 గేర్ ఆయిల్‌ను గానీ పోయవచ్చని రాసి ఉంటుంది. అలాంటి మోడల్ అయితే షోరూం మాట సరైనదే. పుస్తకంలో గేర్ ఆయిల్ అని మాత్రమే ఉన్న మోడల్‌కు ఈ పలుచటి ఆయిల్‌ను పోయడం నేను సమర్థించను. దీనికి ఎదురుగా జరిగే పొరపాటు ఇంకా ఖరీదైనది. ముందు పోయగా మిగిలిన 90 ఆయిల్‌ను వృథా చేయడం ఎందుకని వెనక పోస్తే, ఆయిల్‌లో తడిసి పనిచేసే బ్రేకు ప్లేట్లు కీచుమంటాయి, పట్టు తప్పుతాయి, లిఫ్టు మందగిస్తుంది. ముందు ఇరుసుకు, వెనక ట్రాన్స్‌మిషన్‌కు ఆయిల్ డబ్బాలనూ గరాటాలనూ వేర్వేరుగా ఉంచుకోవడం మంచిది.

మీరు ఇప్పుడు చేయవలసినది ఇది: ట్రాక్టర్ మీది ప్లేటులోని మోడల్ నంబరు, చాసిస్ నంబరు రాసుకొని ఆ కంపెనీ డీలరు దగ్గర యజమాని పుస్తకం ప్రతిని అడగండి. మోడల్ ఒకటే అయినా వేర్వేరు సంవత్సరాల్లో ఇరుసు మారి ఉండవచ్చు కాబట్టి చాసిస్ నంబరు తప్పక చెప్పండి. పుస్తకం చేతికి వచ్చే లోపల పని ఆగకూడదనుకుంటే జీఎల్-4 స్థాయి (ఈ స్థాయిల సంగతి కింద మరో జవాబులో ఉంది) 80డబ్ల్యూ-90 పోసుకోండి. కాంపాక్ట్ ఇరుసుల్లో ఎక్కువ భాగానికి అది సరిపోతుంది. పాత ఆయిల్‌ను మాత్రం పారబోయకుండా కొలిచి చూడండి. రెండు పక్కల డ్రెయిన్ బోల్టుల నుంచీ కలిపి ఎంత దిగిందో, ఏ రంగులో ఉందో రాసిపెట్టుకుంటే, తర్వాత పుస్తకంలోని కొలతతో పోల్చి వెనకటి యజమాని ఇరుసును ఎలా చూసుకున్నాడో తెలుసుకోవచ్చు. బోల్టు చివర అయస్కాంతం ఉంటే దాని మీది బూడిదరంగు మెత్తటి పేస్టును చూసి కంగారు పడవద్దు, అది మామూలు అరుగుదల. గోటితో పట్టి తీయగలిగే రేకులు గానీ, గేర్ పంటి ముక్కలు గానీ కనిపిస్తే ఆయిల్ మార్చడంతో ఆగకుండా ఇరుసు విప్పించవలసిందే.

ప్రశ్న: మిర్యాలగూడ ప్రాంతంలో వరి సాగు చేస్తున్నాను. రెండు పంట కార్లకూ మినీ ట్రాక్టర్‌తోనే దమ్ము చేస్తాను. ఈసారి ముందు ఇరుసు ఆయిల్ దింపితే పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. ఆయిల్ కల్తీదా? ఇంకా మంచి రకం ఆయిల్ పోస్తే ఇలా జరగదా?

జవాబు: ఆ రంగు కల్తీ వల్ల వచ్చేది కాదు, ఇరుసులోకి నీరు చేరిందని దాని అర్థం. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా నీరు వచ్చే దారి మూయకపోతే వచ్చే కారుకు మళ్లీ ఇదే రంగు చూస్తారు. మినీ ట్రాక్టర్ల ముందు ఇరుసులు నంబరు తప్పుగా పోయడం వల్ల కన్నా, వరి పొలాల్లో నీరు చేరడం వల్లనే ఎక్కువగా పాడవుతాయని నా అభిప్రాయం.

నీరు ఎలా చేరుతుందో గమనించండి. పొలానికి వెళ్లే దారిలో ఇరుసు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఇరుసు పైన ఉండే చిన్న బ్రీదర్ ఆ గాలిని బయటికి వదలాలి. అది బురదతో పూడుకుపోయి ఉంటే ఒత్తిడి సీలు అంచు మీద పడి ఆయిల్ చెమర్చినట్లు బయటికి వస్తుంది. అదే వేడితో ట్రాక్టర్ మడిలో దిగినప్పుడు చల్లటి నీరు ఇరుసును ఒక్కసారిగా చల్లార్చుతుంది. లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి దేన్నైనా లాక్కోవడానికి చూస్తుంది. బ్రీదర్ మూసుకుపోయింది, హబ్బు నీటిలో మునిగి ఉంది, కాబట్టి సీలు అంచు పక్క నుంచి బురదనీరే లోపలికి వెళుతుంది. సీలు కొత్తదైనా ఇలా జరగవచ్చు. దానికి తోడు గడ్డి, ప్లాస్టిక్ తాడు, పాత వల ముక్క హబ్బు చుట్టూ చుట్టుకొని సీలు అంచును కోసివేస్తే ఇక చెప్పేదేముంది!

కాబట్టి దమ్ముకు ముందు బ్రీదర్ తీసి, డీజిల్‌లో కడిగి, ఊది చూడండి. రోడ్డు మీద నడిపి వచ్చిన వెంటనే మడిలో దించకుండా గట్టు మీద కొంతసేపు ఆపండి. సాయంత్రం ట్రాక్టర్ కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగ్ గన్నును సీళ్ల మీదికి, బ్రీదర్ మీదికి గురి పెట్టవద్దు. హబ్బు లోపలి వైపు చేయి పెట్టి చుట్టుకున్న తాడును, గడ్డిని రోజూ లాగివేయాలి. మీ మోడల్‌కు వీలైతే మెకానిక్ చేత బ్రీదర్‌కు ఒక రబ్బరు గొట్టం తగిలించి నీటి మట్టానికి పైన, బానెట్ ఎత్తులో కట్టించవచ్చు. ఇది చవకైన పని, బాగా పనికివచ్చే పని.

ఆయిల్‌లో నీరు ఉందా లేదా అన్న సందేహం ఉన్నప్పుడు రెండు విధాలుగా తేల్చుకోవచ్చు. ట్రాక్టర్‌ను రాత్రంతా కదలకుండా ఉంచి, తెల్లవారి డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా వదులు చేస్తే, అడుగున చేరిన నీరు ముందుగా బొట్లు బొట్లుగా వస్తుంది. ఆయిల్‌లో పూర్తిగా కలిసిపోయిన నీరు ఇలా విడిపడదు. అప్పుడు బాగా కాలిన ఇనుప రేకు మీద రెండు చుక్కల ఆయిల్ వేసి చూడండి. నీరు ఉంటే చిటపటలాడుతుంది, లేకపోతే పొగ వస్తుంది గానీ చప్పుడు ఉండదు. చిమ్ముతుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టుకోవాలి.

నీరు చేరిన ఇరుసును డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడగమని కొందరు చెబుతారు. గొట్టాల్లోనూ హబ్బు మూలల్లోనూ నిలిచిపోయిన డీజిల్ పూర్తిగా దిగదు, కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. దాని బదులు అదే నంబరు ఆయిల్ తక్కువ ధరది పోసి, బరువు లేకుండా కొద్ది దూరం నడిపి, వేడిగా ఉండగానే దింపివేయండి. దిగిన ఆయిల్ ఇంకా తెల్లగా ఉంటే మరొకసారి అదే పని చేసి, ఆ తర్వాతే అసలు ఆయిల్ పోయండి. ఖర్చు అనిపిస్తుంది గానీ, ఒక జత బేరింగులు తుప్పు పట్టి మార్చవలసి వస్తే అయ్యే కూలి ముందు ఇది చిన్నదే. మార్పు గడువు సంగతి కూడా చెప్పాలి. కొన్ని కంపెనీలు ముందు ఇరుసు ఆయిల్‌ను 400 గంటలకు ఒకసారి మార్చమంటాయి. ఆ గడువు మీ పనికి సరిపోదు. దమ్ము ముగిసి ట్రాక్టర్ నీటి నుంచి బయటికి వచ్చాక, అవర్ మీటరులో ఎన్ని గంటలు ఉన్నా డ్రెయిన్ బోల్టు వదులు చేసి చూడండి, రంగు మారి ఉంటే మార్చివేయండి. నీరు కలిసిన ఆయిల్‌తో ట్రాక్టర్‌ను కారుకూ కారుకూ మధ్య నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచడం నడపడం కన్నా చేటు, ఎందుకంటే తుప్పు పట్టేది అప్పుడే.

ప్రశ్న: మాది కోనసీమ. కొబ్బరి తోటల్లో మినీ ట్రాక్టర్ నడుపుతాను. జీఎల్-5 ఆయిల్ ఇత్తడిని తినేస్తుందని, జీఎల్-4 మాత్రమే వాడాలని ఒకరు అన్నారు. మరొకరు 5 అంటే 4 కన్నా మెరుగైనదని అన్నారు. ఏది నిజం?

జవాబు: రెండింటిలోనూ కొంత నిజం ఉంది. జీఎల్ అనేది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వర్గీకరణ. గేర్ పళ్ల మీద తీవ్రమైన ఒత్తిడి పడి ఆయిల్ పొర తెగిపోయే క్షణంలో, ఉక్కు ఉక్కును అంటుకోకుండా గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు పళ్ల మీద పలుచటి రక్షణ పొరను ఏర్పరుస్తాయి. కొత్త గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన ఆ గంధకానిదే. దాన్ని చూసి ఆయిల్ పాడైందనుకొని వెనక్కి ఇచ్చేవారూ ఉన్నారు. జీఎల్-5లో ఈ రసాయనాల మోతాదు జీఎల్-4 కన్నా ఎక్కువ, స్థూలంగా రెట్టింపు అనుకోవచ్చు. పినియన్ క్రౌను నడిమధ్యకు కాకుండా పక్కకు జరిగి ఉండే హైపాయిడ్ గేర్ల కోసం దాన్ని ఉద్దేశించారు. ఆ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతంగా జారుతాయి. ట్రాక్టర్ ముందు ఇరుసుల్లో ఎక్కువగా ఉండేవి స్పైరల్ బెవెల్ గేర్లు. వాటిలో ఆ జారుడు తక్కువ కాబట్టి జీఎల్-4 సరిపోతుంది.

ఇత్తడి, కంచు భాగాలను గంధకం తినడం నిజమే, అయితే అది ఎక్కువ వేడిలో చురుగ్గా జరుగుతుంది. ఆ ప్రమాదం ప్రధానంగా గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉండే గేర్‌బాక్సులది. ముందు ఇరుసులో అలాంటి రింగులు ఉండవు, కొన్ని మోడళ్లలో కంచు వాషర్లు, బుష్‌లు ఉండవచ్చు. ఇప్పటి జీఎల్-5 ఆయిళ్లు చాలావరకు రాగి పట్టీ పరీక్షలో, అంటే ఆయిల్ రాగిని తింటుందా అని చూసే పరీక్షలో నెగ్గినవే. కాబట్టి పొరపాటున ముందు ఇరుసులో జీఎల్-5 పోసి ఉంటే ఉన్నఫళంగా దింపివేయనక్కర లేదు, తర్వాతి మార్పులో జీఎల్-4కు మారితే చాలు. పుస్తకంలోనే జీఎల్-5 అని ఉంటే మాత్రం అదే పోయాలి, అక్కడ 4 తక్కువవుతుంది. అదే డబ్బాలో మిగిలిన జీఎల్-5ను గేర్‌బాక్సులో మాత్రం పోయకండి. డబ్బా మీద 90 అన్న అంకె పెద్దగా, జీఎల్ అన్న అక్షరాలు చిన్నగా ఉంటాయి. కొనేటప్పుడు ఆ చిన్న అక్షరాలనే వెతికి చదవండి. దుకాణంలో ఈపీ 90 (ఈపీ అంటే తీవ్ర ఒత్తిడిని తట్టుకునేది) అని అడిగితే రెండింటిలో ఏదైనా చేతికి రావచ్చు.

ప్రశ్న: నిజామాబాద్ జిల్లాలో పసుపు సాగు చేస్తాను. ముందు ఇరుసులో లెవెల్ దాకా ఆయిల్ పోసి బిగించాను. మరునాడు చూస్తే మట్టం తగ్గింది. ఎక్కడా కారిన జాడ లేదు. ఆయిల్ ఎక్కడికి పోయింది?

జవాబు: ఎక్కడికీ పోలేదు, మీరు పోసినప్పుడు చేరని చోటికి తర్వాత చేరింది. నడుమ నుంచి పోసిన గేర్ ఆయిల్ ఇరుసు గొట్టాల్లోంచి రెండు హబ్బులకు పాకడానికి సమయం పడుతుంది. లోపలి గాలి బయటికి పోవడానికి దారి లేకపోతే ఇంకా ఆలస్యమవుతుంది. ట్రాక్టర్‌ను చదునైన నేల మీద నిలిపి, పై వైపున గాలి బయటికి పోయే ప్లగ్గు ఉంటే దాన్ని వదులు చేసి, ఆగి ఆగి పోయండి. లెవెల్ అందుకున్నాక పది నిమిషాలు ఆగి మళ్లీ చూసి, తగ్గినంత నింపండి. కొన్ని ఇరుసుల్లో హబ్బులకు, డిఫరెన్షియల్‌కు ఆయిల్ అర వేర్వేరుగా ఉంటుంది. అలాంటి వాటిలో నడుమ ఎంత పోసినా హబ్బుకు చుక్క చేరదు కాబట్టి మూడు చోట్లా విడివిడిగా నింపాలి. హబ్బుకు సొంతంగా నింపే ప్లగ్గు ఉందా అన్నది ముందుగా చూసుకోండి. ఎందుకైనా మంచిదని లెవెల్‌కు మించి పోస్తే నురగ వస్తుంది, వేడికి సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది.

ప్రశ్న: నూజివీడు దగ్గర మామిడి తోటలు ఉన్నాయి. ట్రాలీ లోడుతో తారు రోడ్డు మీద వెళ్లి వచ్చాక ముందు ఇరుసు చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది, మలుపుల్లో టకటకమంటోంది. ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందా?

జవాబు: ముందుగా రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ లివర్‌ను తీసివేసి, అంటే ముందు చక్రాలకు శక్తి అందకుండా లివర్‌ను మార్చి నడుపుతున్నారా అన్నది చూసుకోండి. ముందు చక్రాలు వెనక వాటి కన్నా కాస్త వేగంగా నేలను లాగేలా ఈ ట్రాక్టర్లను తయారు చేస్తారు. దుక్కిలో, బురదలో ఆ తేడా చక్రం జారడంతో సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద చక్రం జారదు కాబట్టి ఆ మెలిక అంతా క్రౌను, పినియన్, బెవెల్ గేర్ల మీద బిగుసుకుంటుంది, మలుపులో టక్కుమని వదులుతుంది. ముందు టైర్లను వేరే సైజుకు మార్చినా, ఒక జత మాత్రమే బాగా అరిగినా ఇదే జరుగుతుంది. దీనికి 140 ఆయిల్ మందు కాదు, చప్పుడును కప్పిపుచ్చుతుంది. రోడ్డెక్కేటప్పుడు లివర్ తీసివేయండి, టైర్ల సైజులను పుస్తకంతో పోల్చండి, గాలి సరిచేయండి, ఆయిల్ మట్టం చూడండి. లివర్ తీసి నడిపినా ఇరుసు అంతే వేడెక్కితే, డ్రెయిన్ బోల్టు తీసి ఆయిల్‌లో రేకులు ఉన్నాయేమో చూసుకొని, మళ్లీ లోడు కట్టే ముందే పినియన్ బేరింగు పరీక్ష చేయించండి.